హాజరు

తెన్నే రోజూ పొద్దున్నే కర్రపెండలం ఆకు దంచి, పామాయిల్లో వండి, అన్నం మూడు పళ్లేల్లో పెట్టేది. ఒకటి తనకి, ఒకటి అక్క బైందుకి, మూడోది కూతురు న్యాందాకి. బడి హాస్టల్లో తిండి చాలడం లేదని వీధిలోకొచ్చిన ఆడపిల్లల్ని సైనికులు లారీ ఎక్కించుకుపోయి నెల దాటింది. వాళ్లలో న్యాందా ఒకతి. మూడో పళ్లెం సాయంత్రం దాకా ఈగలు ముసురుతూ అలాగే ఉండేది.

ఆ ఊళ్లో ఆడపిల్లలకి మొదటి బడి పెట్టింది బైందే. ఇప్పుడు విద్యామంత్రి; పిల్లలు పోయినప్పట్నుంచి రాజధాని వదిలి చెల్లెలింట్లోనే ఉంటోంది. ఆవిడ హాజరు పిలిస్తే పిల్ల ఎక్కడుంటే అక్కణ్నుంచి జవాబు వినబడేది. జ్వరమొచ్చిన పిల్ల మంచం మీంచి పలికేది. బడి ఎగ్గొట్టిన పిల్ల మామిడికొమ్మ మీంచి పలికి దొరికిపోయేది. ఓ ఏడాది ఏట్లో పడిపోయిన పిల్ల నీళ్లడుగునుంచి "ఉన్నానమ్మా" అంటే అక్కడే వల వేసి శవాన్ని తీశారు. ఊరికి ఇదేం వింత కాదు. టీచరమ్మ పిలిస్తే పలక్కపోతే ఎలా?

"ఒక్కసారి పిలువక్కా," అంది తెన్నే.

"నేల్లోంచి పలికితే ఏం చేస్తావే?"

"పళ్లెం కడిగి బోర్లించుకుంటాను. ఈ ఎదురుచూపు నా వల్ల కాదు."

బైందు పళ్లెం పక్కకి జరిపింది. పదవి పోతుందని కాదు, ఆ జవాబంటేనే భయం.

విదేశీ పెద్దలు బడి చూడటానికొస్తున్నారని రాజధాని నుంచి ఒక కల్నల్ దిగాడు. ఎక్కడెక్కడి పిల్లల్నో పట్టుకొచ్చి యూనిఫారాలు తొడిగాడు. పోయినవాళ్ల పేర్లు పిలిస్తే పలకమని నేర్పాడు. బడి ముందు కొత్తగా సిమెంటు పోసిన మైదానంలో వాళ్లని కూర్చోబెట్టాడు. విదేశీ పెద్దలొచ్చి కుర్చీల్లో కూర్చున్నాక, "మంత్రిగారే హాజరు పిలిస్తే ముచ్చటగా ఉంటుంది," అన్నాడు. పై ఊరివాడు, అతనికేం తెలుసు పాపం.

బైందు లేచి, వెనక తల్లుల మధ్య నిలబడ్డ చెల్లెల్ని చూసింది. తెన్నే తలూపింది.

"న్యాందా."

ముందు వరసలో కొత్త పిల్ల పలకబోయింది. అంతలోనే జెండా కర్ర పక్కన, సిమెంటు కిందనుంచి "ఉన్నానమ్మా" అని వినబడింది.

"ఇక చాలించండి," అన్నాడు కల్నల్.

బైందు రెండో పేరు పిలిచింది. మూడోది పిలిచింది. సైనికులు రెక్కలు పట్టి ఈడ్చుకుపోతున్నా ఆపలేదు. ఎవరి బిడ్డ ఎక్కడుందో తల్లులకి తెలియాలి కదా. జీపు తలుపు మూశాక కూడా లోపల్నుంచి పేర్లు వినబడుతూనే ఉన్నాయి, నేల పలుకుతూనే ఉంది. ఆ తర్వాత ఆవిడ్ని ఎవరూ చూడలేదు.

తల్లులు ఇళ్లకెళ్లి పొలం పారలు తెచ్చుకున్నారు. విదేశీయుల ఎదుట కాల్చమనడానికి కల్నల్‌కి నోరు రాలేదు. తెన్నే జెండా కర్ర పక్కన వంగి సిమెంటుకి చెవి ఆనించింది.

"వస్తున్నానే తల్లీ," అని పార ఎత్తింది.