తొమ్మిది వరుసలు

జాహేదా కల్వకుర్తిలో ప్రైమరీ టీచరు. బొమ్మల కార్డులతో చెబితే పిల్లలకు చదవడం తొందరగా వస్తుందా అన్నది ఆమె ఎం.ఫిల్. అంశం. ఎనభై ఎనిమిదిలో నాలుగు నెలలు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నూట పన్నెండు మంది పిల్లల మార్కులు తెచ్చింది. సగంమంది కార్డులతో చదివినవాళ్లు, సగంమంది మామూలుగా.

మహబూబ్‌నగర్‌లో ఆమె గైడు కొత్తగా ఒక చిన్న కంప్యూటరు తెప్పించాడు. ఆపరేటర్ యాకూబ్ ఫ్లాపీ పెట్టి, పిల్లలు ఒక్కొక్కరికి ఒక్కో వరుసగా మార్కులు కొట్టాడు. ప్రింటరు కీచుమంటూ కాగితం వదిలింది. రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

గైడు పాన్ నములుతూ కాగితం చూశాడు. "గిట్లయితే ఎట్లమ్మా? యాకూబ్, కార్డుల గుంపుల తక్కువ మార్కులొచ్చినోళ్లను తీసెయ్."

"ఎంతమందిని సార్?"

"తేడా వచ్చేదాక."

యాకూబ్ ఒక్కొక్క వరుసే చెరిపి, మళ్లీ లెక్క వేయించాడు. తొమ్మిదో వరుస పోయాక తేడా వచ్చింది. గైడు నవ్వాడు. ఎర్రటి రసం పెదవి అంచున నిలిచింది.

ఆ వరుసల నంబర్లు జాహేదాకు తెలుసు. ఒకటి గాలయ్య, జ్వరంతో వచ్చి పరీక్ష రాసినవాడు. ఒకటి హనుమమ్మ, చెల్లెల్ని ఒళ్లో పెట్టుకునే రాసింది.

"వాళ్లు కూడ చదువుకున్న పిల్లలే సార్. ఎట్ల తీసేస్తరు?"

"అందరు గిట్లనే చేస్తరు మేడం," అన్నాడు యాకూబ్ తెరమీంచి కళ్లెత్తకుండా.

"థీసిస్ మీద నా సంతకం కావాల్నా, వద్దా?" అన్నాడు గైడు.

"వద్దు." జాహేదా మొదటి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. బస్సులో కల్వకుర్తి చేరేదాకా ఆ పాన్ వాసన ముక్కును వదల్లేదు.

ఎం.ఫిల్. అక్కడితో ఆగిపోయింది. మరుసటి ఏడు బడికి ఒక సర్క్యులర్ వచ్చింది. కార్డులతో చదువు బాగా వస్తుందని కంప్యూటర్ లెక్కల్లో రుజువైందట, అన్ని బళ్లలో వాడాలట. కింద పరిశోధకుడిగా గైడు పేరు ఒక్కటే ఉంది.

జాహేదా హెడ్మాస్టరు బుచ్చయ్యకు జరిగిందంతా చెప్పి, దాచిన కాగితం చూపింది.

"పెద్దోళ్లతోని మనకెందుకమ్మా? చూసినట్టు సంతకం పెట్టు, అయిపోతది," అన్నాడాయన కాగితం వైపు చూడకుండానే.

ఆమెకు ఆ ముఖం చూడాలన్నా అసహ్యం వేసింది. పెన్ను తీసుకుని సర్క్యులర్ మీద రాసింది: "చూశాను. ఇది అబద్ధం. తొమ్మిది మంది పిల్లలను తీసేసి తెచ్చిన లెక్క." కింద తన పేరు పూర్తిగా రాసింది.

"ఏం పని చేసినవమ్మా!" అని బుచ్చయ్య సర్క్యులర్ లాక్కున్నాడు.

పదిహేను రోజులకు సంజాయిషీ ఇమ్మని ఆమెకు మెమో వచ్చింది. సంజాయిషీలోనూ అదే మాట రాసి పంపింది.