ఖాళీ గడి

చుక్కల మాస్టారు పన్నెండో పేజీ కుడివైపు కింది మూలను పైకి మడిచి, బొటనవేలి గోటితో ఒక్కసారి నొక్కారు. అంతకంటే నొక్కకూడదు. నొక్కితే మడత పడుకుంటుంది, తిప్పేవాళ్ళ వేలికి అందదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరెవరో కట్టిన సంగీతాన్ని వాయించేవాళ్ళ కోసం చేత్తో ఎత్తి రాయడమే ఆయన పని. కాగితం నిండా చుక్కలే కాబట్టి ఆ పేరొచ్చింది. ఈ మడతల అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో పేపరుకీ గోడమీది క్యాలెండరుకీ కూడా మూలలు లేచే ఉంటాయి.

"నేనింకా చదవనే లేదు. అప్పుడే దాని చెవి మెలేశారా?" అంది భార్య, టీ గ్లాసు పెట్టి పేపరు తీసుకుంటూ.

ఆయన నవ్వలేదు. "ఓ తప్పు చేశాను," అన్నారు.

"ఈ వయసులోనా?"

"హాస్యం కాదు. పనిలో."

అప్పుడు కూర్చుంది. విషయం చెప్పారు. సాయంత్రం కచేరీలో వాయించబోయేది ఫ్లూటుకీ, నిలువెత్తు తీగల వాయిద్యం హార్పుకీ కొత్తగా రాసిన సంగీతం. హాలు వసారాలో ఒక చెరువు బొమ్మ వేలాడుతూ ఉంటుంది. దాన్ని చూసి చూసి ఈ సంగీతం కట్టింది, ఎన్నాళ్ళుగానో ఈయన చేత ఎత్తి రాయించుకునే పెద్దావిడ. హార్ప్ వాయించే అమ్మాయికి రెండు చేతులూ తీగలమీదే, రెండు కాళ్ళూ పెడళ్ళమీదే. మధ్యలో పేజీ తిప్పాలంటే చెయ్యి ఖాళీ అయ్యే చోటు చూసి పేజీ ముగించాలి. ఎత్తి రాసేవాడి పనితనమంతా అక్కడే ఉంది. పక్కన మనిషిని నిలబెడదామంటే ఆ అమ్మాయి ఒప్పుకోదు, మోచెయ్యి తగులుతుందంటుంది. పెద్దావిడేమో నీళ్ళకి విరామమేమిటని అయిదు పేజీలు గుక్క తిప్పుకోకుండా రాసి పడేసింది.

ఇదివరకైతే మాస్టారు అక్షరం సన్నం చేసి ఇరికించేవారు. నిరుటినించీ చెయ్యి వణుకుతోంది. నాలుగు కాగితాలు చించారు. అయిదోసారి పేజీ చివర ఏ స్వరమూ లేని గడి ఒకటి, అంటే అంతసేపూ వాయించకుండా ఆగాలన్న గుర్తు, గీసేశారు. తేడా రాకుండా ఫ్లూటు కాగితంలోనూ అదే చోట గీశారు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, ఇది అచ్చం అలాగే అతికింది. అందుకే ఆయనకు భయం పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో తనదంటూ ఒక్క చుక్క చేర్చని మనిషి. లోకమంతా కంప్యూటర్లో కొట్టించుకుంటున్నా, ఇంకా ఈయన చేతిరాతే కావాలనేది ఆ పెద్దావిడ ఒక్కతే.

"చెప్పేయండి," అంది భార్య. "లేకపోతే ఈ రాత్రి మీరు పడుకోరు, నన్ను పడుకోనివ్వరు."

"ఈ పనీ పోతుందే."

"పోతే పోయింది. పుట్టి మునగదు."

పదింటికి రిహార్సల్. వసారాలో బొమ్మ ముందు ఒక నిమిషం ఆగారు. నీళ్ళు, రెల్లు, నీటిమీద ఒక సుడి. పాతికేళ్ళుగా చూస్తున్నా అందులో ఏముందో ఆయనకు అంతుపట్టలేదు. లోపలికెళ్ళి ఎప్పటిలాగే ఆఖరి వరసలో, నడవ పక్క కుర్చీలో కూర్చున్నారు. ముందే చెప్పేద్దామనుకున్నారు గాని, అప్పటికే శ్రుతి చేసుకుంటున్నారు.

వాయిద్యాలు మొదలయ్యాయి. ఆ చోటు వచ్చింది. ఫ్లూటు ఆగింది, హార్ప్ ఆగింది. అమ్మాయి ఎడమచెయ్యి లేచి మడత పట్టుకుని పేజీ తిప్పింది. ముట్టుకోకపోయినా తీగలు సన్నగా మోగుతూనే ఉన్నాయి. మళ్ళీ ఇద్దరూ అందుకున్నారు.

"ఆగండాగండి," అంది పెద్దావిడ. "ఏమిటది?"

"మా కాగితాల్లో ఉందండీ," అంది అమ్మాయి.

"నా దాంట్లో లేదే!"

మాస్టారు లేచారు.

"నేనే పెట్టానండీ. పేజీ తిప్పే చోటు దొరకలేదు. సన్నంగా రాద్దామంటే చెయ్యి వణుకుతోంది." సాక్ష్యం చూపిస్తున్నట్టు చెయ్యి ముందుకు చాచారు.

"ఇలా ఎన్నిసార్లు చేశారు?"

"ఇదే మొదలండీ."

"నాకు చెప్పద్దూ?"

"చెప్పాలండీ. తప్పే."

పెద్దావిడ ఆయన చేతివైపు చూసి, వేదికవైపు తిరిగింది. "ఇంకోసారి కానివ్వండి."

ఈసారి ఆ చోట ఆవిడ ఆపలేదు. చివరిదాకా విని, కోప్పడుతున్నట్టే మాట్లాడింది. "ఆ బొమ్మలో కొంగ ఉండదు. అప్పుడే ఎగిరిపోయింది. రెల్లు ఇంకా ఊగుతూ ఉంది. ఆ ఊగడం కోసం పది నెలలు చచ్చాను నేను. మీరేమో దాన్ని పేజీ తిప్పడానికని పెట్టారు! రండి, నా దాంట్లో కూడా గీయండి. మీ చేత్తోనే."

మాస్టారు కలం తీశారు. గీత వంకర పోయింది.

"చెరిపి మళ్ళీ గీస్తానండీ."

"వద్దు, ఉండనివ్వండి."

"సిరా ఆరాక మూయండి," అన్నారాయన.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అన్నారు, "ఉంచేసిందే ఆవిడ! అంత సంగీతంలో నాదీ ఒకటుందిప్పుడు. సాయంత్రం నువ్వూ రా."

"ఏమీ లేని గడి వినడానికా?"

"అదే వినాలి."

అన్నం తిని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నాలుగింటికి లేపమన్నారు. నాలుగింటికి భార్య వంటింట్లోంచి రెండుసార్లు పిలిచింది. మూడోసారి చీర కట్టుకుని వచ్చి భుజంమీద చెయ్యి వేసింది. ఆయన లేవలేదు.

హాల్లో ఎవరికీ తెలియదు. ఆ చోట హార్ప్ అమ్మాయి పేజీ తిప్పుతూ ఆఖరి వరసవైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. బస్సు దొరకలేదేమో అనుకుంది. చప్పట్లప్పుడు పెద్దావిడ కూడా మాస్టారిని వేదికమీదికి పిలుద్దామని అటే చూసింది.

అంతా వెళ్ళాక మాస్టారి ఇంటినించి ఫోనొచ్చింది. "అయ్యో, అయ్యో," అంటూ పెద్దావిడ అక్కడే కూర్చుండిపోయింది. చాలాసేపటికి ఒళ్ళో ఉన్న కాగితాలు తెరిచింది. చుక్కలు కిక్కిరిసిన పేజీలో, వణికిన రెండు గీతల మధ్య ఆ ఖాళీ గడి ఉంది. సిరా పూర్తిగా ఆరిపోయింది.