ప్లాంటుకు పట్టిన పొడి చెత్త కరువు

మా ఆయన చెత్త తగలబెట్టి కరెంటు తీసే ప్లాంటులో బాయిలర్ ఆపరేటర్. నేను పక్క వీధిలో పొడి చెత్త ఏరి అమ్మే షెడ్డు నడిపేదాన్ని. ఇద్దరిదీ చెత్త బతుకే కాబట్టి జోడీ బాగా కుదిరిందని మా అత్తగారు అంటుంటారు.

ప్లాంటు వద్దని నేనెప్పుడూ అనలేదు. మా ఇంటి వెనక చెత్తగుట్ట ఎండాకాలం వచ్చిందంటే తనంతట తనే అంటుకునేది. మా పిల్ల రాత్రంతా దగ్గేది. ప్లాంటు వచ్చాక ఆ గుట్ట తరుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

చిక్కు నా షెడ్డుతో వచ్చింది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని నేనూ షెడ్డు ఆడవాళ్లూ ఇంటింటికీ తిరిగి చెవినిల్లు కట్టుకుని పోరాం. జనం విన్నారు. వింటారని ఎవరూ అనుకోలేదు, ప్లాంటు కట్టినవాళ్లు అసలే అనుకోలేదు. సీసాలూ అట్టలూ నా షెడ్డుకొచ్చాయి. ప్లాంటుకు తొక్కలూ కుళ్లిన కూరగాయలూ మిగిలాయి. అవి మండవు. డీజిల్ పోసి అరటితొక్కలు కాల్చి కరెంటు తీసిన ఘనత మా ఆయనకు దక్కింది.

చివరికి ప్లాంటు మేనేజరు తేల్చేశాడు. పొడి చెత్త కూడా ప్లాంటుకే రావాలి, లేదంటే ప్లాంటు మూసేస్తారు. మూస్తే మా ఆయన ఉద్యోగం పోతుంది, గుట్ట మళ్లీ పెరుగుతుంది. నడిస్తే మళ్లీ సరుకయ్యే ప్లాస్టిక్ అంతా పొగవుతుంది, నా షెడ్డు పోతుంది. పిల్ల దగ్గు గుర్తొచ్చి షెడ్డు నేనే మూసేశాను.

మేనేజరు మంచివాడే. షెడ్డు ఆడవాళ్లందరికీ ప్లాంటులో పని ఇచ్చాడు. నాకు మాత్రం ముందు ఒక పని చెప్పాడు. నేర్పింది నేనే కాబట్టి, ఇక వేరు చేయక్కర్లేదని ఇంటింటికీ నేనే చెప్పి రావాలట.

మొదటి ఇంట్లోనే ఒక ముసలావిడ నన్ను చూసి గబగబా రెండు బుట్టలూ తెచ్చి చూపించింది.

"ఒక్క తొక్క కూడా కలవనివ్వలేదమ్మా. చూడు."

చాలా బాగా చేశారన్నాను. రెండో ఇంటికి వెళ్లలేదు. జనం మొండికేస్తున్నారని, ఎంత చెప్పినా వినడం లేదని మేనేజరుకు చెప్పాను. ఆయన నమ్మాడు.

అందుకని ఇప్పుడు ప్లాంటులో మా పని, జనం వేరు చేసిచ్చిన చెత్తను మళ్లీ కలపడం. ముసలావిడ బుట్టలు రెండూ పొద్దున్నే నేనే తెచ్చుకుని, ఆవిడకు కనిపించనంత దూరం వచ్చాక కలిపేస్తాను.