మిగిలిన గుడ్డు

రెండో మేకు దింపి, తాడు గుంజి కట్టి, భద్రు లేచి నిలబడేసరికి మిర్యాలగూడ మైదానం మీద మంచు ఇంకా విడవలేదు. తాడు వెంబడి నడుం వంచి, అడుగున తూట్లు పొడిచిన డాల్డా డబ్బాను వేళ్లతో తడుతూ సున్నం పోసుకుంటూ వెళ్లాడు. చుట్టుపక్కల రైస్ మిల్లుల నుంచి రాత్రంతా కురిసే ఊకదుమ్ము గడ్డి మీద సన్నగా పరుచుకుని ఉంటుంది. దాని మీద సున్నం పోస్తే పది నిమిషాల్లో గీత గాలికి లేచిపోతుంది. అందుకని ముందు పాత చీర ముక్కతో ఆ జానెడు చోటు దులిపి, తర్వాతే సున్నం పోయాలి. ఈ కిటుకు భద్రు తనంతట తాను కనిపెట్టాడు. పదమూడేళ్లలో గీతలు ఇంత చక్కగా ఎలా పడుతున్నాయని అడిగిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

వయసు ముప్పైమూడు. చూస్తే నలభై దాటినట్టుంటాడు. సున్నానికి వేళ్ల సందులు పగిలాయి. నడుం కొంచెం ముందుకు ఒంగింది. పిక్కలు మాత్రం ఇప్పటికీ బిగువుగా, నరాలు తేలి ఉంటాయి. ఒంటి మీద పోయినేడు టోర్నమెంటుకు పంచిన టీషర్టు, దాని వీపు మీద ఎరువుల కొట్టు పేరు.

ఆ రోజు మ్యాచి మామూలు మ్యాచి కాదు. రాజ్‌కుమార్ వస్తున్నాడు. పెన్‌పహాడ్ అవతల ఒకే తండాలో పుట్టినవాళ్లు ఇద్దరూ. రాజ్‌కుమార్ రెండేళ్లు చిన్న. గోవాలో ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుకు ఏడేళ్లు ఆడాడు, టీవీలో కనిపించాడు, కారు కొన్నాడు. ఒకసారి తాగి వచ్చి, బూట్లు ఆలస్యంగా తెచ్చాడని క్లబ్బులో బట్టలూ బంతులూ సర్దే ముసలాయన దవడ పగలగొట్టాడు. క్లబ్బు వెళ్లగొట్టింది, రెండేళ్లు ఎక్కడా ఆడకూడదన్నారు. ఆ రెండేళ్లూ పోయిన నెలతో తీరిపోయాయి. ఇప్పుడు హైదరాబాదు క్లబ్బు తరఫున ఒకాయన అతని ఆట చూసి పోవడానికి వస్తున్నాడు. ఆడింది నచ్చితే మళ్లీ తీసుకుంటారు.

ఆ తెల్లవారుజామున ఇంట్లో చద్దన్నం ముందర భద్రు ఊరికే కూర్చుంటే భార్య సాలి నవ్వింది. మిల్లులో వడ్లు ఆరబోసే పనికి బయల్దేరుతూ కొంగు బిగించుకుంటోంది.

"ఆడొస్తే నీకెందుకు బువ్వ సయిస్తలేదు? కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవ్."

"నాకేంది? ఎవడొస్తే నాకేంది?" అని కంచం తోసేశాడు.

సాలి అన్నది నిజమేనని వేరే చెప్పాలా? నాలుగు రోజులుగా భద్రుకు కంటిమీద కునుకు లేదు.

కార్నర్ గీతలు పోస్తుండగా ఈశ్వరయ్య సేటు కారు దిగాడు. మూడు మిల్లులున్న మనిషి, ఆటల కమిటీకి పెద్ద. వెంట బడిలో ఆటలు నేర్పే తిరుపతి సారు విజిల్ మెళ్లో వేసుకుని వస్తున్నాడు. ఇద్దరూ అప్పటికే వాదులాటలో ఉన్నారు.

"తప్పు జెయ్యనోడెవడు తిరుపతీ? రెండేండ్లు కూసోబెట్టిండ్రు గద. ఆట ఉన్నోణ్ణి ఇంకెన్నొద్దులు మూలకు కూసోబెడ్తం?"

"కొట్టిందెవర్ని సేటూ? బట్టలు సర్దే ముసలాయనను. గదే కోచ్‌ను కొడితే రెండేండ్లతోటి పోతుండెనా?"

సేటు కాస్త ఆలోచించి, "పోకపోతుండె" అని ఒప్పేసుకుని నవ్వాడు. తర్వాత భద్రు వైపు తిరిగాడు. "ఏం భద్రూ, మీ తండా పోరడే గద. ఆనికి ఇంకో మోక ఇయ్యాల్నా వద్దా? నువ్వేమంటవ్?"

"నేనేమంట సేటూ. పెద్దోళ్లు మీరు."

పైకి అంతే అన్నాడు. ఆ ముసలాయనకు న్యాయం జరగలేదని, తిరుపతి సారు చెప్పిందే సబబని లోపల గట్టిగా అనుకున్నాడు. పాపం, తనను తాను నమ్మించుకోవడానికి అలా అనుకున్నాడు గానీ, గోవాలో ఉన్న ఆ ముసలాయన పేరేమిటో కూడా భద్రుకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. అతని కడుపులో మండుతున్నది వేరే సంగతి.

పదిహేనేళ్ల కింద హైదరాబాదు దగ్గర ఒక స్పోర్ట్స్ హాస్టల్లో ఇద్దరూ ఉండేవాళ్లు. ముందు వెళ్లింది భద్రే. సూర్యాపేట టోర్నమెంటులో ఎడమ పక్క నుంచి అతను పరుగెత్తితే పట్టుకున్న పోరడు లేడు. ఆ తర్వాత రెండేళ్లకు రాజ్‌కుమార్ వచ్చాడు, అతనిదీ ఎడమ పక్కే. ఆదివారం ఆదివారం మనిషికొక గుడ్డు పెట్టేవాళ్లు. వంట సైదయ్యది. ఎవరైనా ఊరికి పోతే మిగిలిన గుడ్లు ఆయన ఇష్టమొచ్చినవాళ్ల కంచంలో వేసేవాడు. పెద్ద సెలక్షన్లకు ముందు ఆదివారం ఒక గుడ్డు మిగిలింది. సైదయ్య దాన్ని తీసుకెళ్లి రాజ్‌కుమార్ కంచంలో వేశాడు.

"నాకెందుకెయ్యలే?" అని భద్రు లేచాడు.

"నీది నువ్వు తిన్నవ్ గదరా. పోరడు బక్కగున్నడు" అన్నాడు సైదయ్య.

అంతే. పులుసు గిన్నెలో ఉన్న ఇనుప గరిటె భద్రు చేతికి వచ్చింది. సైదయ్య తల పట్టుకుని పొయ్యి పక్కన కూలబడ్డాడు. తెల్లారేసరికి భద్రు పెట్టె హాస్టల్ గేటు బయట ఉంది. సంజాయిషీ అడిగినవాడు లేడు, ఇంకొక్కసారి చూద్దాం అన్నవాడు లేడు. ఆ సెలక్షన్లలో ఎడమ పక్క రాజ్‌కుమార్ ఆడాడు.

తానూ కొట్టాడు, వాడూ కొట్టాడు. తనకు డాల్డా డబ్బా వచ్చింది, వాడికి దండలొస్తున్నాయి. భద్రు నాలుగు రోజులుగా నమిలి నమిలి మింగలేకపోతున్న ముద్ద ఇదీ.

పెనాల్టీ చుక్క పెట్టడానికి గోలు గీత దగ్గర తాడు కొసను మేకుకు తగిలించాడు. పదకొండు మీటర్ల దగ్గర తాడుకు ముడి ఉంటుంది. ఆ ముడి దగ్గర చిటికెడు సున్నం పోసి అరచేత్తో గుండ్రంగా అద్దడమే పని. భద్రు ముడి దాకా వచ్చాడు, ఆగాడు. మైదానమంతా ఒకసారి చూసి, గోలుకు ఇంకో మూరెడు దూరంగా వెనక్కి జరిగి అక్కడ అద్దాడు. పెనాల్టీ వస్తుందో రాదో, వస్తే ఎటువైపు వస్తుందో దేవుడికెరుక. అందుకని రెండో గోలు దగ్గర కూడా మూరెడు జరిపాడు. కుళ్లు పనిలోనూ అంత పద్ధతిగల మనిషి.

మ్యాచి ఎనిమిదింటికి మొదలైంది. రాజ్‌కుమార్ కొంచెం లావెక్కాడు, రొప్పుతున్నాడు. భద్రు తాళ్ల కట్ట మీద కూర్చుని ఆ రొప్పును లెక్కపెట్టాడు. వాడు ఒక పాసు తప్పిస్తే ప్రాణం లేచొచ్చింది. బంతి కాలికి అతికించుకుని ఇద్దర్ని దాటిపోతే, తన పిక్కలే ఆ పరుగు గుర్తుపట్టి బిగుసుకున్నాయి. ఆట ముగియవస్తుండగా ఎదుటి మిల్లు జట్టువాడు బంతికి చెయ్యి తగిలించాడు, తిరుపతి సారు విజిల్ ఊది పెనాల్టీ చుక్క చూపించాడు.

రాజ్‌కుమార్ బంతి పెట్టాడు. చుక్కను చూశాడు, గోలును చూశాడు, మళ్లీ చుక్కను చూశాడు. తల తిప్పి, గీత అవతల ఉన్న భద్రును ఒక్క క్షణం చూశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి కొట్టాడు. బంతి పై మూలలోంచి వలలో పడింది.

హైదరాబాదు ఆయన అక్కడికక్కడే చెయ్యి కలిపాడు. సేటు బంతిపూల దండ వేశాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అదంతా తీరాక రాజ్‌కుమార్ దండ చేత్తో పట్టుకుని, తాడు చుట్టుకుంటున్న భద్రు దగ్గరికి వచ్చాడు. "భియా" అని తండా మాటలో పిలిచి, తెలుగులోకి మారాడు.

"సుక్క మూరెడు ఎనక్కి పడ్డదన్నా."

"మంచుండె. కండ్లకు ఆనలే."

"అయినా కొట్టిన లే."

ఆ మాటలో ఎగతాళి లేదు. అదే భద్రుకు ఇంకా మంట పుట్టించింది. ఎలాగైనా పొడవాలని, "నువ్వు కొట్టినాయన ఎట్లున్నడు?" అని అడిగాడు.

రాజ్‌కుమార్ దండలోంచి ఒక్కో పువ్వు గిల్లాడు.

"గట్టిది నమలలేడు. గంజి, పప్పు, గంతే. లాయరు పొమ్మంటే పోయిన, నా అంతట నేను పోలే. మూడుసార్లు తలుపు తియ్యలే. నాలుగోసారి రాజీ కాయితం మీద సంతకం పెట్టిండు. నా మొకం సూడలే."

"మాఫ్ చేసినట్టేనా మరి?"

"ఏమోనన్నా. సంతకమైతే పెట్టిండు." అని ఆగి, "నువ్వెన్నడన్న సైదయ్య తాత కాడికి పోయినవా? కోదాడల ఉంటుండట. బస్టాండు ఎనక పిండి గిర్ని సందుల" అన్నాడు.

భద్రు తాడు చుట్టుకుంటూనే ఉన్నాడు. సేటు పిలిస్తే రాజ్‌కుమార్ వెళ్లిపోయాడు, కారెక్కి చెయ్యి ఊపాడు. దుమ్ము లేచి, సున్నం గీతల మీద పడింది.

పదకొండున్నర బస్సులో భద్రు కోదాడకు బయల్దేరాడు. పశ్చాత్తాపం తన్నుకొచ్చి బయల్దేరాడని ఎవరైనా అనుకుంటే పొరపాటే. వాడి దగ్గర ఒక సంతకం ఉంది, తన దగ్గర లేదు, అదీ అతని బాధ. హుజూర్‌నగర్ దాటేదాకా కిటికీ కమ్మీ పట్టుకుని మనసులో అంతా సిద్ధం చేసుకున్నాడు. వెళ్లి కాళ్లకు మొక్కుతాడు. సైదయ్య మెత్తని మనిషి, లేవదీస్తాడు. "పోనీరా, పోరతనం" అంటాడు. భుజం మీద చెయ్యి కూడా వేస్తాడు. అప్పుడు రాజ్‌కుమార్‌కు ఫోను చేసి చెప్పొచ్చు: నువ్వు కొట్టినాయన నీ మొకం సూడలే, నేను కొట్టినాయన నా మొకం సూసిండు. ఆ మాట రెండుసార్లు పెదాలతో అనుకుని చూశాడు, బాగుంది. పదిహేనేళ్లలో మొదటిసారి రాజ్‌కుమార్ కంటే తానొక మెట్టు పైన ఉన్నట్టు తోచి, కోదాడ బస్టాండులో దిగి అరటిపళ్లు కొన్నాడు.

పిండి గిర్ని సందులో మూడో ఇల్లు. తలుపు తీసిన ఆమెకు నలభై లోపే ఉంటాయి, చేతులకు శనగపిండి.

"ఎవరు కావాలండీ?"

"సైదయ్య ఉన్నడా? హాస్టల్ల వండెటాయన."

"మా నాన్నేనండీ. నేను జ్యోతిని." ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాన్న లేరండీ. మొన్న వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజు పోయారు. నిద్రలోనే. లోపలికి రండి."

భద్రు లోపలికి వెళ్లి, చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. అరటిపళ్లు ఒళ్లోనే ఉన్నాయి. ఆమె మంచినీళ్లిచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"హాస్టల్లో చదివారా మీరు? అప్పుడప్పుడు వస్తుంటారులెండి, ఆయన చేతి అన్నం తిన్నవాళ్లు. వచ్చినవాళ్లంతా గొంతు చించుకుని అరవాల్సిందే. ఎడం చెవి అసలు వినపడేది కాదు. రెండోదీ తర్వాత తర్వాత తగ్గింది. ఎవరో పిల్లాడు గరిటెతో కొట్టాడంట."

భద్రు గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరని శెప్పలేదా?"

"ఎన్నిసార్లు అడిగానో. అంతమంది పిల్లల్లో పేర్లు నాకేం గుర్తుంటాయే అనేవారు. అబద్ధమండీ. ఎవరికి గుడ్డు పడదో, ఎవరికి వంకాయ పడదో అన్నీ గుర్తే ఆయనకి."

చెవి సంగతి భద్రుకు తెలియదు. దెబ్బ తగిలింది, మర్నాటికి తగ్గిపోయి ఉంటుందనుకున్నాడు. అసలు అనుకోను కూడా లేదు. పదిహేనేళ్లుగా తనకు దక్కనిదాని గురించే కుమిలాడు గానీ, ఆ మనిషి పొయ్యి పక్కనుంచి ఎలా లేచాడో ఒక్కసారైనా తలుచుకోలేదు. ఏమీ చెప్పకుండా పళ్లక్కడ పెట్టి వెళ్లిపోవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"గా పోరణ్ణి నేనే, అక్కా."

ఆమె చాలాసేపు అతన్నే చూసింది. పగిలిన వేళ్లు, పాత టీషర్టు, ఒళ్లో పళ్లు. కోపం వస్తుందేమోనని భద్రు ఎదురుచూశాడు, రావాలనే కోరుకున్నాడు. ఆమె గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

భద్రు తల అడ్డంగా ఊపాడు. లోపల నూనె కాగిన వాసన వచ్చింది. ఆమె పొయ్యి తగ్గించడానికి వెళ్లింది. వెళ్లినామె వెంటనే తిరిగి రాలేదు. పొమ్మందో ఉండమందో తేలక భద్రు ఆ గదిలోనే కూర్చున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఎదురుగా కిటికీ గట్టు మీద పాత చెవి మిషన్ ఒకటి ఉంది, తీగ నాలుగు చుట్లు చుట్టి, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, దుమ్ము పడకుండా పైన గాజు గ్లాసు బోర్లించి.