ఫోటోలు ఏరే పని

షాపాయన కొత్త కెమెరాను వారం రోజులు వాడి చూడమని ఇచ్చాడు. నచ్చితే ఉంచుకోవచ్చు, లేదంటే శనివారం తిరిగిచ్చేయాలి. మావాడు దాన్ని పురిటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని స్టూడియోలోకి వచ్చాడు.

మాది చిన్న స్టూడియో. ముందుగదిలో లైట్లు, తెర, ఒక స్టూలు. వెనకగదిలో కంప్యూటర్. ఫోటోలు తీసేది మావాడు. తీసినవాటిలో మంచివి ఏరి, మొహాల మీద మచ్చలు తుడిచి, ఆల్బం కూర్చేది కోడలు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కాలర్లు సర్దడం, పిల్లలకు ముక్కులు తుడవడం నా పని.

పాత కెమెరా నిజంగానే ముసలిదైపోయింది. వెలుతురు తక్కువైతే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు ఉంటుంది. పెళ్లికూతుర్ని వదిలేసి వెనకాల కుర్చీని తేటగా చూపిస్తుంది. అందుకని మావాడి ఆశను నేను తప్పుపట్టలేదు.

"చూడమ్మా, బటన్ నొక్కి పట్టుకుంటే చాలు. రెప్పవేసి తెరిచేలోపు బోలెడు ఫోటోలు పడతాయి. ఇక కళ్లు మూసుకున్న ఫోటో అన్న మాటే ఉండదు" అన్నాడు.

"బోలెడా!" అంది కోడలు వెనకగది గుమ్మంలోంచి. ఆమె మెడకు బెల్టు ఉంది. పోయిన పెళ్లిళ్ల సీజన్లో పెట్టుకుంది, మళ్లీ తీయలేదు.

"ఏం, కొనొద్దంటావా?"

"కొనుక్కోండి."

గిన్నెలన్నీ తోమి చేతులు కడుక్కున్నాక ఎవరో ఇంకో ఎంగిలి గిన్నె తెచ్చి పడేస్తే, ఆడది "అక్కడ పెట్టు" అంటుంది చూడండి, ఆ మాట అలా ఉంది. మావాడికి మాత్రం అందులో సరేనన్నట్టే వినిపించింది.

ఆ వారంలోనే ఒక పెళ్లి ఒప్పుకున్నాం. కొత్త కెమెరాతోనే వెళ్లాడు. మర్నాడు పొద్దున కోడలు కార్డు తీసి కంప్యూటర్లో పెట్టింది. నేను రెండు గదులూ ఊడ్చి వచ్చినా ఫోటోలు ఇంకా దిగుతూనే ఉన్నాయి.

"ఎన్నున్నాయే?"

"వేలు, అత్తయ్యా. ఇవి పెళ్లి ఫోటోలా, చీమలబారా?"

అయినా కూర్చుంది. మధ్యాహ్నానికి మెడ బిగుసుకుపోయింది. "కాసేపు నడుం వాలుస్తాను" అంది. ఎప్పుడూ ఆ మాట అనని పిల్ల. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తెర వెనక చాప మీద పడుకోబెట్టాను.

సాయంత్రం పెళ్లికూతురి తల్లి ఫోటోలు చూడటానికి వస్తానంది. మావాడు కంగారుపడుతూ వచ్చి చాప దగ్గర నిలబడ్డాడు.

"ఒరేయ్, దాన్ని లేపావంటే నాకూ నీకూ చెడుతుంది. తీసినవాడివి నువ్వేగా, నువ్వే ఏరు" అన్నాను.

"అదెంత పని!" అని కూర్చున్నాడు.

కళ్లజోడు పెట్టుకుని నేనూ పక్కన చేరాను. పెళ్లికొడుకు ఉంగరం తొడుగుతున్నాడు. తర్వాతి ఫోటోలోనూ తొడుగుతున్నాడు. దాని తర్వాతా అంతే.

"ఇది బాగుందమ్మా."

"బాగుంది."

"ఇదీ బాగుంది."

"ఇందాక చూసిందేగా?"

"కాదు, ఇందులో ఆ పిల్ల నవ్వు కాస్త ఎక్కువ."

"కన్ను వాలిందిగా మరి."

"అవును. అయితే మొదటిదే తీసుకుందాం."

"మొదటిది ఏదిరా?"

దాన్ని వెతకడానికే చాలాసేపు పట్టింది. ఉంగరం పూర్తిగా వేలికి దిగేసరికి మావాడు రెండుసార్లు లేచి మొహం కడుక్కొచ్చాడు. "బియ్యంలో రాళ్లు ఏరొచ్చు గానీ, బియ్యంలో బియ్యం ఏరడమేంటమ్మా!" అన్నాడు.

అంతలో పెళ్లికూతురి తల్లి రానే వచ్చింది. ఇంకా ఉంగరం దగ్గరే ఉన్నామని చెప్పుకోవాల్సి వచ్చింది.

"మాకు పెళ్లయిపోయింది గానీ, నీ కంప్యూటర్లో ఇంకా కాలేదన్నమాట బాబూ" అని పెద్దగా నవ్వి, ఇంకో వారం గడువిచ్చి వెళ్లింది.

ఆ నవ్వుకు కోడలు లేచింది. జుట్టు ముడేసుకుంటూ వచ్చి మొగుడి వెనక నిలబడింది. వాడి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఎలా ఏరావే?" అన్నాడు.

"ఏరుతూ కూర్చుంటే ఎప్పటికవుతుంది? పారేయాలి. బాగున్నవి కూడా పారేయాలి. అదే ప్రాణాలు తోడేస్తుంది."

వాడు పక్కనున్న కెమెరాకు మూత పెట్టేశాడు. "శనివారం ఇచ్చేస్తాలే" అన్నాడు.

"ఎందుకు ఇవ్వడం? మొహాలు తేటగా ఉన్నాయి, నాకు తుడిచే పని తగ్గుతుంది. ఉంచండి. కానీ ఇకమీదట ఏరేది మీరు. ఏరకుండా తెచ్చిస్తే ముట్టుకోను."

"అన్నీ నేనేనా?"

"నొక్కింది మీరేగా!"

వాడు నా వంక చూశాడు. నేను కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను, ఎంత తుడిచినా మరక పోనట్టు.

"సరే" అన్నాడు.

కెమెరా ఉంచుకున్నాం. తర్వాతి పెళ్లికి లైటు పట్టుకోవడానికి నేనూ వెళ్లాను. మావాడు కెమెరా కంటికి ఆనించి ఆగుతున్నాడు. ఒక్కటి నొక్కి దించేస్తున్నాడు. ఒకచోట పెళ్లికూతురి తాత మనవరాలి చేతులు పట్టుకుని ఉన్నట్టుండి ఏడ్చేశాడు. వీడు కెమెరా ఎత్తేసరికి ఆయన మొహం తుడుచుకుని మామూలుగా అయిపోయాడు.

తర్వాత ఆ పెళ్లివాళ్లు వచ్చి సరిగ్గా ఆ ఫోటోయే అడిగారు. "అది పడలేదండీ, నేనే అందుకోలేకపోయాను" అన్నాడు. గొణుక్కుంటూ వెళ్లిపోయారు. వాళ్లింట్లోంచి రావాల్సిన ఇంకో పెళ్లి మాకు వస్తుందో రాదో!

మావాడు ఆ బాధ మింగి, ఏరిన ఫోటోలు కోడలికి అప్పగించాడు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

ఆమె పని ముగించేసరికి వీధిలో ఇంకా ఎండ ఉంది. ఏం చేయాలో తోచక వచ్చి గుమ్మంలో కూర్చుంది. నేనూ పక్కన కూలబడ్డాను. పోయేవాళ్లను, వచ్చేవాళ్లను చూస్తూ ఉండిపోయాం.