కీ ఇవ్వని వాచీ

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు చేయవలసిన పనులు కాగితం మీద రాసుకున్నాను. కొట్టు తాళాలు ఓనరుగారికి ఇచ్చెయ్యాలి. రేషను కార్డులో నాన్న పేరు తీయించాలి. రిపేరుకొచ్చిన వాచీలు ఎవరివి వాళ్ళకి చేర్చాలి. లక్ష్మీనరసమ్మగారి వాచీ మాత్రం నేనే పట్టుకెళ్ళి ఇవ్వాలి.

అది 1998. నాన్న చంద్రరావు భీమవరంలో వాచీలు బాగుచేసేవాడు. మా ఇంటి మొత్తానికి డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే.

ఆ వాచీ సంగతి చెప్పాలి. బంగారు గొలుసు, కందిబద్దంత డయలు, దాని చుట్టూ పన్నెండు వజ్రాలు. ఫ్రెంచివాళ్ళ రోజుల్లో ఆవిడ భర్త సూర్యరాజుగారు యానాంలో ఆవిడ కోసం కొన్నారట. రాజుల ఇంటి కోడలు. గడప దాటే అలవాటు లేదు, టైము చూసుకుని వెళ్ళాల్సిన చోటూ లేదు. ఆయన పోయాక చేతికి పెట్టుకోవడమూ మానేశారు. అయినా ప్రతి నెలా మొదట్లో వంటమనిషి పాపాయి దాన్ని రుమాల్లో చుట్టి కొట్టుకు తెచ్చేది. "మళ్ళీ ఆగిపోయిందంటండి." మర్నాడు నాన్న సైకిలు మీద వాళ్ళ ఊరెళ్ళి ఇచ్చొచ్చేవాడు.

ఇచ్చేముందు వెనక మూత తీసి చూశాను. వాచీ విప్పిన ప్రతిసారీ మూత లోపల సూదితో తారీకు గీయడం ఈ పనివాళ్ళ ఆనవాయితీ. అందులో నాన్న గీసింది ఒక్కటే ఉంది, 1984ది. పద్నాలుగేళ్ళు నెలనెలా తెచ్చిపెట్టుకుని ఒక్కసారేనా విప్పింది? పని చెయ్యకుండానే డబ్బు పుచ్చుకున్నాడేమోనని నాకు సిగ్గనిపించింది. కీ ఇచ్చాను. ఆడింది. మర్నాటిదాకా ఆడుతూనే ఉంది.

నేను వెళ్ళేసరికి లక్ష్మీనరసమ్మగారు వసారాలో కూర్చుని ఉన్నారు. పక్కన స్టూలు మీద రెండు గ్లాసుల కాఫీ, మూతలు పెట్టి.

"చంద్రరావు కూతురివా? కూర్చో అమ్మా. మీ నాన్న ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. భీమవరం కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు, సగం అబద్ధాలే."

"బస్సుకి టైమైందండి," నిలబడే అన్నాను. "వాచీలో ఏ లోపమూ లేదండి. రోజూ పొద్దున్నే కీ ఇస్తే చాలు. ఇంక ఎక్కడికీ పంపక్కర్లేదండి."

కీ ఎటు తిప్పాలో, ఎన్నిసార్లు తిప్పాలో పెద్దక్షరాలతో రాసిన కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు.

"ఇంత చిన్న పనా," అన్నారు. "బాగా చదువుకున్నావమ్మా."

మెచ్చుకున్నారనుకున్నాను. బస్సులో నా పనుల కాగితం తీసి, ఆ పని కొట్టేశాను.

మరుసటేడు పాపాయి సంతలో కనిపించింది. "అమ్మగారు పోయారండి, మాఘమాసంలో."

"వాచీ ఆడుతోందా?" అన్నాను.

"ఆడకేంటండి? మీరు రాసిచ్చినట్టే రోజూ కీ ఇచ్చుకునేవారు. ఆ కాయితం తలగడ కిందే ఉండేదండి. నెల మొదట్లో మాత్రం రెండు కాఫీలు పెట్టమనేవారు. ఎవరొస్తారండీ అంటే, ఎవరూ రారే, అలవాటు అనేవారు. రెండోది నన్నే తాగమనేవారు. కూర్చుని తాగవే అనేవారండి. నాకేమో పొయ్యి మీద పని."

మూత లోపల ఒక్క తారీకే ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఆవిడకి కీ ఇవ్వడం రాక కాదు. ఆ సంగతి నాన్నకి తెలుసు.

మీ ఇంట్లో కీ ఇచ్చే పాత వాచీ ఏదైనా ఉంటే, దాన్ని తిప్పేటప్పుడు లక్ష్మీనరసమ్మగారిని ఒక్కసారి తలుచుకోండి.