తొక్కని మట్టి

కరకట్ట తెగిన చోట నిలబడి పెద్ద ఇంజనీరు నది వైపు వేలు చూపించాడు. తప్పంతా దీనిదేననీ, ఇంత నీరు వస్తుందని ఎవరూ అనుకోలేదనీ చెప్పాడు. అధికారులంతా తలలూపారు. అందరికంటే గట్టిగా కాంట్రాక్టరు ఊపాడు. వాళ్ళ వెనక, మోకాళ్ళ దాకా బురదలో, ఇళ్ళు పోయినవాళ్ళు గుంపుగా నిలబడి వింటున్నారు. నోరు లేనిదాని మీద నేరం మోపడం ఎంత సుళువో చూశారా!

నోరున్నవాడు ఆ గుంపులోనే ఉన్నాడు. రోలర్ డ్రైవరు. అతన్ని అందరూ నిదానం అంటారు. రోడ్డు రోలర్ మనిషి నడక కంటే నెమ్మది కదా, ఆ పేరు అలా అంటుకుంది. ముసలమ్మలు సైతం అతన్ని దాటుకుపోతూ, రేపటికైనా చేరతావా అబ్బాయ్ అని ఆటపట్టించేవాళ్ళు. మట్టికి తొందర పనికిరాదమ్మా అని అతనూ నవ్వేవాడు. అలాంటి మనిషి బతుకు మొత్తంలో ఒక్కసారి తొందరపడ్డాడు. ఆ తొందరకే కట్ట తెగింది. చెల్లెలి మొగుడు కొట్టుకుపోయాడు.

సంగతేమిటంటే, ఆ ఒడ్డున ఓ పెద్ద పల్లం ఉండేది. వానలకు నది పొంగితే ఆ పల్లంలోకి పరుచుకుని, కాస్త ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తన దారిన తను పోయేది. కాంట్రాక్టరు కన్ను ఆ పల్లం మీద పడింది. గోదాములు లేచాయి. గోదాములు తడవకూడదు కాబట్టి కట్టని నది మీదికి జరిపారు. ఎగువన కొండల మీద అడవంతా నరికేశారు, పడ్డ వాన పడ్డట్టే దిగొచ్చేస్తోంది. పైన నీళ్ళు పెంచి, కింద గొంతు నొక్కారు. ఇక నది ఏం చేస్తుంది?

కొత్త కట్ట కట్టింది కూడా ఈ జనమే. మట్టి పల్చగా ఒక పొర పోయాలి, తడపాలి, రోలర్‌తో తొక్కించాలి, ఆ తర్వాతే ఇంకో పొర. కానీ పెద్దవాళ్ళు ప్రారంభానికి వస్తున్నారు, తేదీ దగ్గరపడింది. మేస్త్రి పరుగున వచ్చి, అంతా ఒకేసారి పోసేయండి, పైన మాత్రం రోలర్ తిప్పితే చాలన్నాడు. నీళ్ళ ట్యాంకరు నడిపే బావ, అదే చెల్లెలి మొగుడు, ఇంజను ఆపేసి దిగి వచ్చి నిదానంతో అన్నాడు.

"లోపలంతా పొడిమట్టే బావా. ఇది కట్ట కాదు, కుప్ప."

"పైవాళ్ళు చెప్పారు. మనకెందుకు?" అన్నాడు నిదానం.

ఆ 'మనకెందుకు' ఇప్పుడు ముద్ద ముద్దలో రాయిలా పంటికి తగులుతోంది. వరద వచ్చినప్పుడు బావ పక్కింటి ముసలాయన్ని తీసుకొస్తానని వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. చెల్లెలు ఇప్పుడు, ఇళ్ళు పోయినవాళ్ళంతా తలదాచుకున్న బడి వరండాలో ఓ మూల పడుకుంటోంది. అన్న కనిపిస్తే చాలు, "తిన్నావా అన్నయ్యా?" అని అడుగుతుంది. ఆమెకి ఏమీ తెలియదు. చెంప పగలగొట్టినా ఇంత నొప్పి ఉండదనుకున్నాడు.

ఇంజనీరు వచ్చి వెళ్ళిన మర్నాడు మేస్త్రి బడికొచ్చి, మరమ్మతు పని కూడా మన కాంట్రాక్టరుకే వచ్చిందని శుభవార్తలా చెప్పాడు. అదే చోట, అదే కట్ట. తట్టలు పట్టుకుని పొద్దున్నే రావాలట, కూలి ఏ రోజుది ఆ రోజే ఇస్తారట. కడుపులు కాలుతున్నాయి. చాలామంది లేచారు.

మందులు పంచడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి అందర్నీ కూర్చోబెట్టింది. నష్టపరిహారం అడుగుదామంది. మీటింగులు కూడు పెడతాయా అని రిక్షా లాగేవాడు విసుక్కున్నాడు. ఇంత పెద్ద వరదకి ఎవర్ని అడుగుతామని మరొకడు నిట్టూర్చాడు. మాట మాట పెరిగింది. అప్పుడు నిదానం లేచాడు.

"నది తప్పు కాదు. ఆ కట్టని నేను తొక్కలేదు. పైపైన తిప్పి దిగిపోయాను. బావ వద్దని చెప్పాడు కూడా."

రిక్షావాడు ఒక్క గెంతున వచ్చి చొక్కా పట్టుకున్నాడు. నిదానం అడ్డు చెప్పలేదు, కొట్టించుకోవడానికే నిలబడ్డాడు. అతని కళ్ళు చెల్లెలి మీదే ఉన్నాయి. ఆమె లేచి, చుట్టబెట్టిన దుప్పటి చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

తట్టలు మోసే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు ఒకావిడ ఉంది, పెద్దమ్మ అంటారు. ఆవిడ రిక్షావాడి చెయ్యి విడిపించింది. వాణ్ణి కొడితే కట్ట నిలబడుతుందా అని అడిగింది. మట్టి చాలకపోతే పాత గోడల పెళ్ళలూ, చెట్ల మొద్దులూ తానే మోసుకెళ్ళి ఆ కట్టలో పోసిందట. మేస్త్రి పొయ్యమన్నాడు, పోసింది. అక్కడున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు.

"మనందరి చేతులకీ ఆ మట్టి అంటింది. కాదనను. కానీ ఆ గోదాముల తాళాలు మాత్రం మన కొంగున లేవు."

స్టేషన్‌కి వెళ్ళి లొంగిపోతాను, శిక్ష పడితే నా మనసు కుదుటపడుతుంది అన్నాడు నిదానం.

"నీ మనసు కుదుటపడుతుంది, ఆ కాంట్రాక్టరు మనసు ఇంకా కుదుటపడుతుంది," అంది పెద్దమ్మ. "నువ్వు లోపలికి పోతే వాడు మళ్ళీ అదే కుప్ప పోయిస్తాడు. ఏడుపు తర్వాత ఏడుద్దువుగానిలే. ముందు చెప్పు, రోలర్ తాళం ఎవరి దగ్గరుంది?"

తాళం నిదానం జేబులోనే ఉంది.

పొద్దున మట్టి లారీలు వచ్చేసరికి, కట్టకి వెళ్ళే ఒకే ఒక్క దారికి అడ్డంగా రోలర్ నిలబడి ఉంది. చుట్టూ జనం తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. పల్లం నదికి వదలాలి, కట్ట వెనక్కి జరగాలి, పొర పొరకీ తడిపి తొక్కించాలి, ప్రతి పొరా మేము చూడాలి. అప్పటిదాకా తట్ట ఎత్తేది లేదన్నారు. కూలి పోతుందని తెలిసే అన్నారు. రిక్షావాడు కూడా రోలర్ చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు, నిదానంతో మాట్లాడలేదు కానీ కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు, వెంట కాంట్రాక్టరు. కాంట్రాక్టరు వేలు నిదానం వైపు లేచింది. కట్ట తెగడానికి వీడే కారణం, నిన్న అందరి ముందూ ఒప్పుకున్నాడు, ఆ రోలరే సాక్ష్యం అన్నాడు. నిన్నటిదాకా నది ముద్దాయి, తెల్లారేసరికి డ్రైవరు ముద్దాయి. రోలర్‌ని లాగించడానికి క్రేను తెప్పిద్దామంటే ఆ బురదలోకి రానంది. చివరికి ఇన్‌స్పెక్టరు చిరాకుపడి, నువ్వే నడుపుకుంటూ స్టేషన్‌కి పద అన్నాడు.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. దారి ఒక్కటే. రోలర్ బయటికి రావాలంటే మట్టి లారీలన్నీ వెనక్కి పోవాలి. పోయాయి, ఒకదాని వెనక ఒకటి, తిట్టుకుంటూ. రోలర్ కదిలింది. ముందూ పక్కలా జనం నడిచారు. వెనక పోలీసు జీపు మొదటి గేరులో ఈడ్చుకుంటూ వచ్చింది. ముద్దాయిని అంత నెమ్మదిగా ఊరేగించిన పోలీసులు ఇంకెక్కడా ఉండరు.

అధికారుల ఇళ్ళ వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. మలుపు మలుపులో పెద్దమ్మ ఆగి ఆ కట్ట లోపల ఏముందో చెప్పింది. మిల్లు గేటు దగ్గర షిఫ్టు దిగినవాళ్ళు విన్నారు, వెంట నడిచారు. కాలేజీ పిల్లలు వచ్చారు. "పల్లం నదికి వదలాలి" అని ఒక గొంతు అంటే, "పొర పొరా తొక్కాలి" అని వీధంతా అంది.

నిదానం మనసు మాత్రం తేలికపడలేదు. అందరూ తన వెంటే ఉన్నందుకు ఇంకా సిగ్గేసింది. గుంపులో చెల్లెలి మొహం కోసమే వెతుక్కున్నాడు. బావ పోయాడు, ఎంతమంది నడిచినా పోయాడు.

వెనక నుంచి ఇన్‌స్పెక్టరు హారన్ మోగించి, త్వరగా పోనివ్వమని అరిచాడు. పైవాళ్ళు అరిస్తే వినడం అలవాటైన చెయ్యి కదా, గేరు మీదికి పోయింది. అప్పుడు రోలర్ పక్కన మెట్టు మీద ఓ చెయ్యి పడింది. చెల్లెలు. దుప్పటి ఇంకా చంకలోనే ఉంది. అతని మొహంలోకి చూడలేదు, రోడ్డు వైపే చూస్తోంది.

"తొందరపడకు అన్నయ్యా," అంది.

క్షమించానని ఆమె అనలేదు. అంటుందని అతనూ అనుకోలేదు. గేరు మీంచి చెయ్యి తీసేశాడు. ఆమె మెట్టు పట్టుకుని అలాగే పక్కన నడిచింది. స్టేషన్ ఇంకా చాలా దూరం ఉంది, జనం ఇంకా వస్తూనే ఉన్నారు.